కెప్టెన్ గారి సగటు

నలభై రెండేళ్ళ వయసులో నేను డిగ్రీలో చేరడానికి కారణం కొన్ని నల్ల గౌన్లు. ఒమాన్‌లో, మస్కట్‌కి దూరంగా, సముద్రం పక్కనున్న ఒక సైనిక క్యాంపులో నేను టైలర్ని. డ్యూటీ చేస్తూనే చదువుకున్న సైనికులకి పట్టాలిచ్చే రోజు దగ్గర పడిందని, పద్దెనిమిది గౌన్లకి గుడ్డ పంపారు. కుట్టాను. భుజం సరిగ్గా వాలిందో లేదో చూద్దామన్న నెపంతో ఒకటి నేనే వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. బాగుంది. ఉండాల్సిన దానికన్నా ఎక్కువే బాగుంది. ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను.

మాది కడప. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు. ఇంటర్ పాసయ్యాక చదువు మానేసి మామ దగ్గర మిషనెక్కాను. ఎవరూ బలవంతపెట్టలేదు, కటింగ్ అంటే నాకే ఇష్టం. తర్వాత ఒమాన్‌లోనే దుక్మ్ అనే ఊళ్ళో కూలీల క్యాంపుల్లో కొన్నాళ్ళు బట్టలు కుట్టి, అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చాను. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ నన్ను మాస్టర్ అనే పిలుస్తారు.

క్యాంపులోనే ఒక కాలేజీ వాళ్ళు సాయంత్రం క్లాసులు నడుపుతారు. ఆదివారం, బుధవారం, నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. నాలాంటి బయటివాళ్ళు కూడా చేరొచ్చు, కానీ ప్రతి సెమిస్టరుకీ క్యాంపు అనుమతి కాగితం కావాలి. దాని మీద సంతకం పెట్టేది పరిపాలన విభాగంలో ఉండే కెప్టెన్. ఆయనా అదే క్లాసులో విద్యార్థే. బలూచీ మనిషి, హిందీ మనకన్నా బాగా మాట్లాడతారు.

నా రూమ్‌లో ఉండే కరీంనగర్ తమ్ముడు క్యాంపు లాండ్రీలో పనిచేస్తాడు. నేను పుస్తకాలు తెచ్చుకున్న రోజు పగలబడి నవ్వాడు.

"ముసలోనికి దసరా పండుగన్నట్టున్నది భాయ్ నీ యవ్వారం. గిప్పుడు డిగ్రీ జేసి ఏం జేస్తవ్? కలెక్టర్ అయితవా?"

"అయితే నిన్ను బిళ్ళ బంట్రోతుగా పెట్టుకుంటాలేబ్బా, బాధపడాకు" అన్నాను.

క్లాసులో అందరూ తెల్లటి దిష్‌డాషాల్లో, అంటే ఇక్కడి పొడుగు అంగీల్లో, వచ్చేవాళ్ళు. భుజాల మీద హోదా చుక్కలుండవు కాబట్టి ఎవరేమిటో కొత్తవాళ్ళకి తెలియదు. నాకు తెలుసు, ఆ చుక్కలు కుట్టింది నేనే గనక. మాకు లెక్కలు చెప్పే పంతులు గారు సూడాన్ నుంచి వచ్చిన పెద్దాయన. మొదటి రోజే "ఈ గదిలో అందరూ విద్యార్థులే" అన్నారు. అందరం తలూపాం. కెప్టెన్ లోపలికి రాగానే అందరం లేచి నిలబడ్డాం. అందరికన్నా ముందు లేచింది నేను.

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. అధికారులు నడుం కొలత తీయనివ్వరు. "ముప్పై నాలుగు, ఎప్పటిలాగే" అంటారు. చూస్తూనే నాకు తెలిసిపోతుంది, ముప్పై ఆరు. పుస్తకంలో ముప్పై నాలుగని రాసుకుని ముప్పై ఆరు కుడతాను. ప్యాంటు సరిపోతుంది, మనిషి మురిసిపోతాడు, నాకు మళ్ళీ పని దొరుకుతుంది. ఇది మామ నేర్పిన విద్య. "తప్పు గుడ్డలో సర్దాల, నోటితో గాదు" అనేవాడు. ఇన్నేళ్ళూ ఈ పద్ధతే నాకు అన్నం పెట్టింది. చదువుకి పనికిరాదని ఎవరూ చెప్పలేదు.

మొదటి సెమిస్టరు చివర్లో ముగ్గురు ముగ్గురికి కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. కెప్టెన్, ఒక సార్జెంటు, నేను ఒక జట్టు. క్యాంపులో రెండు క్యాంటీన్లున్నాయి. భోజనం కోసం మనిషి సగటున ఎంతసేపు వరసలో నిలబడుతున్నాడో చూడాలి. పెద్ద క్యాంటీన్లో ముప్పై మందిని అడిగాం, సగటు పది నిమిషాలు వచ్చింది. చిన్న క్యాంటీన్లో పదిమందినే అడిగాం, సగటు ఇరవై నిమిషాలు.

"పదీ ఇరవై ముప్పై, అందులో సగం పదిహేను. మొత్తానికి సగటు పదిహేను నిమిషాలు" అని కెప్టెన్ తేల్చేశారు.

"జీ సార్" అన్నాడు సార్జెంటు.

అది తప్పని నాకు అక్కడికక్కడే తెలిసింది. ముప్పై చిన్న సైజు యూనిఫారాలకీ, పది పెద్ద సైజు వాటికీ గుడ్డ లెక్కేసేటప్పుడు రెండు సైజులకీ నడిమి కొలత పట్టుకుంటే తాన్లకి తాన్లు మిగిలిపోతాయి. ఎక్కువమంది ఎటున్నారో సగటు అటు జరగాలి. అయినా నేనూ "జీ సార్" అన్నాను. టైపు చేసే పని నాది. రూమ్‌కొచ్చి పదిహేను తీసేసి పన్నెండున్నర పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఇచ్చేశాను. చేసిన పనికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

బుధవారం పంతులు గారు మా ముగ్గుర్నీ ముందుకి పిలిచారు. సగటు ఎలా వచ్చిందో చెప్పమని కెప్టెన్‌నే అడిగారు.

"పదిహేను నిమిషాలు" అన్నారాయన ధీమాగా.

"మీ రిపోర్టులో పన్నెండున్నర ఉందే?"

"లేదు సార్. పదిహేనే. స్వయంగా నేనే వేశాను."

పంతులు గారు కాగితం ఆయన వైపు తిప్పి చూపించారు. గదిలో చిన్న నవ్వొకటి పుట్టి వెంటనే ఆగిపోయింది. సార్జెంటు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. "మీ పేరు మీదున్న పని మీకే తెలియకపోతే ఎలా? వచ్చే బుధవారం మళ్ళీ వచ్చి చెప్పండి. చెప్పలేకపోతే ముగ్గురూ ఫెయిలే" అన్నారు పంతులు గారు. కెప్టెన్ నా వైపు ఒక్కసారి చూశారు. తిట్టినా బాగుండేది. తన కింద పనిచేసే సైనికుల ముందు ఆయన పరువు నేను నిలువునా తీశాను. మేలు చేస్తున్నానని అనుకుంటూ తీశాను, అదీ నా తెలివి.

ఆ వచ్చే బుధవారానికి మర్నాడు, గురువారమే, తర్వాతి సెమిస్టరుకి అనుమతి కాగితం మస్కట్‌లో అజైబా దగ్గరున్న కాలేజీ ఆఫీసులో ఇవ్వడానికి ఆఖరి రోజు. ఆదివారం పొద్దున కాగితం పట్టుకుని కెప్టెన్ గదికి వెళ్ళాను. దారి పొడుగునా క్షమాపణ మాటలు హిందీలో కూర్చుకున్నాను. ఆయన ఫోనులో ఉన్నారు. కాగితం బల్ల మీద పెట్టమని చేత్తో సైగ చేశారు. పెట్టేసి వచ్చేశాను. ఆ సాయంత్రం క్లాసుకి ఆయన రాలేదు.

సోమ, మంగళవారాలు గడిచాయి. కాగితం గురించి కబురు లేదు. క్లర్కుని అడగడానికి కూడా భయమేసి ఆ వైపే వెళ్ళలేదు. రూమ్‌లో తమ్ముడు మాత్రం నా మీద జాలిపడ్డాడు.

"జెర ఊకో భాయ్. సంతకం అయ్యేదాంక నోరు తెర్వకు. రేపు పంతులు అడిగితే టైపింగుల గల్తీ అయిందని జెప్పు. అయినంక కావాల్నంటే కెప్టెన్ కాళ్ళు మొక్కు."

మంచి సలహానే. పాము చావకుండా కర్ర విరగకుండా సరిపోతుంది. కానీ విన్నకొద్దీ నాకు ఒళ్ళు మండిపోయింది, వాడి మీద కాదు, నా మీదే. ఈ చదువు పోతే నా పొట్టకేం ఢోకా లేదు, మిషనుంది. అయినా పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వారంలో ఆ నాలుగు గంటలే నన్ను ఒక మనిషి "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగే సమయం. బడి మానేసినప్పటి నుంచి నన్నెవరూ ఆ మాట అడగలేదు.

బుధవారం కెప్టెన్ క్లాసుకి వచ్చారు. అందరం లేచాం. ఆయన కూర్చోకుండా నేరుగా బోర్డు దగ్గరికెళ్ళి పెద్ద అంకెలతో పదిహేను అని రాశారు. పక్కన పన్నెండున్నర రాశారు. నా వైపు తిరిగారు.

"మాస్టర్, ఇది నాది. అది నీది. సచ్ బోలో, ఏది తప్పు?"

క్లాసులో అందరూ నా మొహమే చూస్తున్నారు. టైపింగ్ పొరపాటు సార్ అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆ మాటంటే ఆయన పరువు నిలబడుతుంది, సంతకమూ పడుతుంది. ఫెయిలైనా మళ్ళీ రాసుకోవచ్చు.

"మీదే తప్పు సార్" అన్నాను. "ఆ రోజే నాకు తెలుసు. మీకు చెప్పకుండా మార్చేశాను. అది నా తప్పు."

"ఎలా తప్పో చెప్పు."

బోర్డు దగ్గరికెళ్ళాను. ముప్పై మందికి తలా పది, మూడు వందల నిమిషాలు. పదిమందికి తలా ఇరవై, రెండు వందలు. మొత్తం ఐదు వందలు, మనుషులు నలభై మంది. భాగించింది కెప్టెనే. జవాబు వచ్చాక అరచేత్తో పదిహేనుని తుడిచేశారు.

"ఈ ముక్క ఆ రోజే చెప్పి ఉంటే నేను నవ్వులపాలయ్యేవాణ్ణి కాదు కదా" అన్నారు మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా. వెళ్ళి కూర్చున్నారు. పంతులు గారు మా ముగ్గురికీ మార్కులు వేశారు. ఇక సంతకం సంగతి మరిచిపోవాల్సిందేనని అనుకున్నాను. విచిత్రమేమిటంటే ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

గురువారం పొద్దున, ఏదైతే అదైందని, పరిపాలన విభాగం క్లర్కు దగ్గరికి వెళ్ళాను. అతను ట్రేలోంచి నా కాగితం తీసి విసుగ్గా నా ముందు పడేశాడు.

"ఎక్కడికి పోయావు మాస్టర్? ఆదివారం నుంచీ ఇక్కడే పడి ఉంది. నువ్వే రాలేదు."

సంతకం ఉంది. దాని కింద తేదీ చూశాను. ఆదివారం నాటిది. నేను బల్ల మీద పెట్టి పారిపోయి వచ్చిన రోజే, ఆ అవమానం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, ఆయన సంతకం పెట్టేశారు. నేనేమో ఆయన కక్ష తీర్చుకుంటారని నాలుగు రోజులు వణుకుతూ కూర్చున్నాను.

ఆదివారం చెప్పకుండా మింగేసిన క్షమాపణ ఇంకా నా దగ్గరే ఉంది. అజైబా వెళ్ళే బస్సుకి ఇంకా అరగంట ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వెళ్ళి కెప్టెన్ గది తలుపు తట్టాను.