సుభద్ర మ్యాప్ జోలికి రాకండి

నిన్న పొద్దున్న అరకు ఘాట్ రోడ్డు బస్సులో ఉన్నాను. సిగ్నల్ అందిన మలుపులో ఫోన్ మోగింది.

"సుభద్ర పోయిందక్కా." సుభద్ర వాళ్ళ తమ్ముడు.

ఏ సుభద్ర అని అడిగాను. నాకు తెలిసింది ఒక్క సుభద్రే.

ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. పుట్టినప్పట్నుంచీ సికిల్ సెల్ జబ్బు. ఏడుస్తూ ఈ పోస్ట్ రాద్దామని కూర్చుంటే కోపమే వస్తోంది.

సరే. ఏడుపు తర్వాత ఏడుస్తాను.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. మా ఏజెన్సీ ఆసుపత్రిలో ఏ వార్డు ఎక్కడుందో ఫోన్లో చూపించే మ్యాప్ ఉంది కదా, గది ముట్టుకుంటే దారి గీస్తుంది, అది చేసింది సుభద్ర. నేను పక్కన కూర్చుని సాయం చేశాను, అంతే.

చిన్నప్పుడు ఒళ్ళంతా నొప్పులతో, రక్తం ఎక్కించే గది వెతుక్కుంటూ ఆ కారిడార్లలోనే తిరిగిన పిల్ల. అందుకే దానికంత పంతం.

మొదట్లో సిటీ నుంచి ఒక కంపెనీ వాళ్ళు త్రీడీ డెమో తెచ్చారు. లాప్‌టాప్‌లో బిల్డింగ్ గిర్రున తిరిగింది. అందరూ చప్పట్లు.

సుభద్ర వాళ్ళని ఓపీ హాల్లోకి తీసుకెళ్ళి, తన పాత ఫోన్లో అదే తెరవమంది. అక్కడ సిగ్నల్ ఒక్క గీత. లోడ్ అవుతోంది, అవుతోంది, అవుతూనే ఉంది.

"బిల్డింగ్ తిప్పడం కాదండి, రోగి తిరక్కుండా సూడాలి," అంది.

ఆన్‌లైన్ మ్యాప్ లైబ్రరీలూ చూసింది. రోడ్లకి బాగున్నాయి, మన వార్డులకి అంత బరువెందుకు అంది. చివరికి ఎస్‌వీజీ అనే తేలికైన గీతల బొమ్మ ఒకటి, దారి గీయడానికి కాస్త జావాస్క్రిప్ట్ కోడ్. ఒకసారి తెరిస్తే ఫోన్లోనే ఉండిపోతుంది. ఆ తర్వాత నెట్ అక్కర్లేదు.

అయినా మేమూ బోల్తా పడ్డాం. ఫ్లోర్ బటన్లు పెట్టాం.

మా ఆసుపత్రి కొండవాలు మీద ఉంది. బస్సు రోడ్డు గేటులోంచి వస్తే నేరుగా పై అంతస్తులో అడుగుపెడతాం. సంత గేటులోంచి వస్తే కింది అంతస్తు. ఒక తాత పై అంతస్తులో నిలబడి గ్రౌండ్ ఫ్లోర్ నొక్కాడు. తిరిగి తిరిగి స్టోర్ రూమ్ దగ్గర తేలాడు.

"నేల మీంచే కదమ్మా లోనికొచ్చినాను," అన్నాడు.

సుభద్ర ఆ రోజే ఫ్లోర్ బటన్లన్నీ పీకేసింది. ఇప్పుడు మ్యాప్ అడిగేది ఒక్కటే, ఏ గేటులోంచి వచ్చారని. రెండు గేట్ల ఫొటోలు, ఒకటి నొక్కితే చాలు.

ఇప్పుడు ఆసుపత్రి ఆఫీసువాళ్ళకి ఆ మ్యాప్ పాత మోడలట. తీసేసి త్రీడీ పెడతారట. నిన్న సుభద్ర శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఆ మాట విన్నాను. "ఇంక మెయింటెయిన్ చేసేదెవరు" అని.

నేను చేస్తాను.

ఆ మాటన్నవాళ్ళు సుభద్ర వాళ్ళమ్మ చెప్పింది కూడా వినాలి. నొప్పులు ముదిరి కూతుర్ని మా ఆసుపత్రిలోనే చేర్చారని తెలిసి, జి.మాడుగుల నుంచి జీపులో వచ్చి సంత గేటు దగ్గర దిగింది. సిగ్నల్ లేదు.

"నానెవుల్నీ అడగనేదమ్మా. నా కూతురు గుంట పోన్లో ఎట్టిన బొమ్మ సూసుకుంటా బేగి ఎలిపోనాను. అప్పటికింకా పేనముంది. నా సెయ్యట్టుకుంది."

మీ త్రీడీతో ముందు ఇది చేసి చూపించండి. అప్పుడు మాట్లాడదాం.

అప్పటిదాకా కోడ్ నా దగ్గరుంది. ఎవరు తీస్తారో నేనూ చూస్తాను.

సుభద్రా, నొప్పుల్లేని చోట హాయిగా పడుకోవే. రెండు గేట్లూ నేను చూసుకుంటాను.