నంబర్ సెవెన్‌ను పదహారుసార్లు పిలిచిన రోజు

ఒక వైరు ఊడబీకి మళ్ళీ పెట్టినంత మాత్రాన ఉద్యోగమూ, ఇల్లూ, పరువూ మూడూ ఒకేసారి గాల్లో వేలాడతాయని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు నమ్ముతాను. ఎందుకంటే ఆ వైరు ఊడబీకిన మహానుభావుణ్ణి నేనే. ఒకసారి కాదు, రెండుసార్లు! నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు నేను ఏడవడం ఒక్కటే తక్కువ.

మూడేళ్ళ కిందటి మాట. అప్పుడు మేం టాలట్ అనే ఊళ్ళో అద్దెకుండేవాళ్ళం. ఆ ఇల్లు అమ్మేస్తున్నారని ఖాళీ చేయమన్నారు. వెతగ్గా వెతగ్గా నేస్ అనే ఊళ్ళో ఒక ఇల్లు దొరికింది. ఐర్లండ్‌లో అద్దె ఇల్లు దొరకడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఓనర్ టామ్ ఒక్కటే అడిగాడు. "నీ ఉద్యోగం పర్మనెంట్ అని ఆఫీసు లెటర్ శుక్రవారంలోగా పంపు. నీ వెనక ఇంకా పది మంది ఉన్నారు."

నేనేమో ప్రొబేషన్ ఆఖరి వారంలో ఉన్నాను. లెటర్ ఇవ్వాల్సింది మా మేనేజర్ నోరీన్. "బుధవారం డెమో బాగా జరిగితే లెటర్ గ్రాండ్," అంది. అంటే ఢోకా లేదని.

డెమో దేనికంటే, కిల్కెన్నీలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ కోసం నేను రాసిన ప్రోగ్రామ్‌కు. రిసెప్షన్ కంప్యూటర్‌కు టీవీ తగిలించగానే ప్రోగ్రామ్ అది కనిపెట్టి, టీవీ మీద ఒక బోర్డు తెరిచి, "నంబర్ సెవెన్, రూమ్ టూ ప్లీజ్" అని పేషెంట్‌ను పిలవాలి. కొత్త తెర వచ్చిందనీ, ఉన్న తెర పోయిందనీ కనిపెట్టడానికి ప్రోగ్రామ్‌లో లిజనర్ అని ఒకటి పెడతాం. దాని పనల్లా చెవి ఒగ్గి కూర్చోవడమే. పని అయిపోయాక దాన్ని తీసేయడం మన పని. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

తెర మారితే ఏం చేయాలో చెప్పే ప్రోగ్రామ్ రాసిన మనిషి, ఇంట్లో తెరను ఎన్నిసార్లు మార్చి చూశాడంటారు? అక్షరాలా ఒక్కసారి. దానికో పవిత్రమైన కారణం ఉంది. దసరాకు మా ఆవిడ లలిత ఆయుధపూజ చేసి, నా కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, మానిటర్ వైరుకు పసుపు దారం కట్టింది. ప్రోగ్రామ్ పండగ ముందు ఒకసారి పనిచేసింది. పూజ చేసిన వైరును పీకడానికి ఆ తర్వాత నాకు చేతులు రాలేదు. అట్లా మూడు నెలలు గడిచిపోయాయి.

డెమోకు ముందురోజు మా తొమ్మిదేళ్ళ అక్షర నా బల్ల దగ్గర నిలబడి, "డాడీ, డిడ్ యూ ఎవర్ ప్లగ్ ఇట్ ఔట్, లైక్?" అంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అచ్చం టాలట్ పిల్లలాగే చెబుతుంది.

"పెద్దోళ్ళ పనిల వేలు పెట్టకు బిడ్డా. హోంవర్క్ చేస్కో పో," అన్నాను.

బుధవారం ఆఫీసు మీటింగ్ రూమ్. నోరీన్ ఒక పక్క, కిల్కెన్నీ నుంచి వచ్చిన రిసెప్షనిస్టు బ్రీడా ఒక పక్క. నేను ప్రోగ్రామ్ తెరిచి, లాప్‌టాప్‌కు టీవీ వైరు పెట్టాను. బోర్డు వచ్చింది. "నంబర్ సెవెన్, రూమ్ టూ ప్లీజ్."

"లవ్‌లీ," అంది బ్రీడా.

అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. కానీ బోర్డు అంచు ఓ వేలెడంత తెగి కనిపించింది. చిన్నప్పటి నుంచి టీవీ ఏ వేషం వేసినా మా ఇంట్లో తెలిసిన వైద్యం ఒక్కటే, వైరు పీకి పెట్టడం. చెయ్యి తనంతట తానే పోయింది. పీకాను.

"నంబర్ సెవెన్, రూమ్ టూ ప్లీజ్. నంబర్ సెవెన్, రూమ్ టూ ప్లీజ్."

ఇదేంటి, రెండుసార్లు పిలిచింది? సరేలే అని మళ్ళీ పెట్టాను. నాలుగుసార్లు పిలిచింది.

"అది నాలుగుసార్లు అనాలా?" అంది నోరీన్.

"లేదు లేదు, వైరు లూజు," అన్నాను. వైరు లూజయితే గొంతులెందుకు పెరుగుతాయని ఆవిడ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. నా బుర్ర అప్పటికే పనిచేయడం మానేసింది. మళ్ళీ పీకాను. ఎనిమిది! ఎనిమిది బోర్డులు లాప్‌టాప్ మీద ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఇంక ముట్టుకోకు," అంది నోరీన్.

"ఒక్క నిమిషం, ఈసారి గట్టిగా పెడతాను," అన్నాను.

పెట్టాను. అయ్య బాబోయ్! పదహారు గొంతులు ఒకదాని వెంట ఒకటి, ఒకటో తరగతి పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు, "నంబర్ సెవెన్, నంబర్ సెవెన్, నంబర్ సెవెన్" అని మొదలుపెట్టాయి. పక్క గదిలోంచి ఒకాయన తలుపు తీసి, "ఇంతకీ ఆ సెవెన్ వచ్చాడా లేదా?" అని అడిగి పోయాడు. నాకు నేస్ ఇల్లు, నా వెనక ఉన్న ఆ పది మంది వరుసగా కళ్ళముందు కనిపించారు.

నోరీన్ లేచి వెళ్ళి టీవీ స్విచ్ ఆపేసింది. "యూ ఆర్ గ్రాండ్," అంది. ఐరిష్ వాళ్ళు ఆ మాట బాగున్నప్పుడూ అంటారు, కొంప మునిగినప్పుడూ అంటారు. ఇది ఏదో తెలియక నేను రెంటికీ కలిపి తల ఊపాను.

అప్పుడు బ్రీడా కళ్ళు తుడుచుకుంటూ అంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, నవ్వుతోంది. "మాకొచ్చేవాళ్ళలో సగం మందికి చెవుడు. ఒకసారి పిలిస్తే ఎవరూ లేవరు, నేనే వెళ్ళి భుజం తట్టాలి. పదహారు వద్దు గానీ, మూడుసార్లు పిలిచేట్టు చేయగలవా?"

"అదే... అదే చూపిద్దామని," అన్నాను సిగ్గులేకుండా.

నోరీన్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "లెటర్ సంగతి శుక్రవారం చూద్దాం," అంది.

ఇంటికొచ్చి చూస్తే అర్థమైంది. తెర మారినప్పుడల్లా కొత్త బోర్డు తెరుచుకుంటోంది. ప్రతి బోర్డూ తనదొక లిజనర్ పెట్టుకుంటోంది. పాతవాటిని నేను ఎక్కడా తీసేయలేదు. అందుకే ఒక్కొక్కటీ మరొకటి పుట్టిస్తూ పోయింది. లలితకు చెప్పి, "నీ దారం వల్లనే ఆగమైన," అన్నాను.

"నా దారమా? నేను మూడు దినాలు ఉంచుమన్న. నువ్వు మూడు నెల్లు ఉంచినవ్. కట్టుడే గానీ విప్పుడు నీకెప్పుడు యాదికుండది," అంది. లోపల గదిలోంచి అక్షర, "టోల్డ్ యా!" అని అరిచింది.

దారం విప్పాను, లిజనర్‌ను తీసేసే ఆ ఒక్క వాక్యం రాశాను. గురువారమంతా కూర్చుని మూడుసార్లు పిలిచేట్టు చేశాను. తప్పు చేస్తే పదహారు దానంతటదే వచ్చింది, బుద్ధిగా మూడు తెప్పించడానికి మాత్రం ఒక రోజు పట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం దాకా లెటర్ లేదు. నాలుగింటికి మెయిల్ వచ్చింది. "ఉద్యోగం పర్మనెంట్." నేను కుర్చీలోంచి లేచేలోపల అదే మెయిల్ మళ్ళీ వచ్చింది. ఆ వెంటనే మూడోసారి కూడా. నా ప్రోగ్రామ్ ఆఫీసు మెయిల్‌లో కూడా దూరిందేమో అనుకుంటూ కిందిదాకా చదివాను. మూడోదాని కింద ఒక లైను ఉంది. "వినపడిందా? నోరీన్."

ఎందుకైనా మంచిదని మూడూ టామ్‌కు పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. "లెటర్ అందింది. మళ్ళీ అందింది. మళ్ళీ అందింది. ఇంటి తాళాలు మాత్రం ఒక్కసారే ఇస్తాను, సరేనా?"

కనుక, నేస్‌లోని మా వంటగదిలో, దారం విప్పిన ఆ మానిటర్ వైరు కుడిచేత పట్టుకుని, భార్యా పుత్రికా సమేతంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నేను పెట్టిన ప్రతి లిజనర్‌నూ నేనే తీసేస్తాను. కట్టిన ప్రతి దారాన్నీ మూడో దినమే విప్పుతాను. ఈ ప్రమాణం ఒక్కసారే చెబుతాను, ఎవరు వైరు పీకి పెట్టినా రెండోసారి చెప్పను.