వరండాలో నన్ను నడిపించిన మనిషి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇప్పటికీ నమ్మను. పైగా నేను చెప్పబోయేదాంట్లో చచ్చిపోయినవాళ్ళెవరూ లేరు. చెబితే నా బుద్ధి బయటపడుతుందని రెండేళ్ళుగా నోరు మూసుకున్నాను, అంతే.

మాది విజయవాడ. నాన్నకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. నాది ప్రేమ పెళ్ళి. మా అత్తగారు మచిలీపట్నం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో ఎండు చేపలు అమ్ముతారు. నాకు నెలలు నిండాక, తోడుగా వచ్చి ఉంటానన్నారు. "తొలి కాన్పు పుట్టింటివాళ్ళదండీ, మీకెందుకు శ్రమ" అని ఫోన్‌లో తీయగా చెప్పాను. ఫోన్ పెట్టేశాననుకుని మా ఆయనతో, "ఆ చేపల వాసనతో హాస్పిటల్‌కి వస్తే నా పరువేం కావాలి?" అన్నాను. ఫోన్ కట్ అవలేదని తర్వాత చూశాను.

ఆ తర్వాత వారానికి, పొద్దున్నే నొప్పులు మొదలై హాస్పిటల్‌లో చేరాను. మెల్లగా నడుస్తూ ఉండమని డాక్టరుగారు చెప్పినా వినలేదు. మంచం పట్టుకుని ఒకటే కేకలు. మధ్యాహ్నానికి ఓపిక అయిపోయింది. "ఇప్పుడే ఇలా నీరసపడితే బలం పెట్టాల్సినప్పుడు ఏం చేస్తావమ్మా? ఆపరేషన్ దాకా వెళ్తుంది" అని నర్సు కోప్పడింది.

అమ్మ కొబ్బరినీళ్ళ కోసం కిందికి వెళ్ళింది. అప్పుడు అత్తగారు వచ్చారు. ముందు వాసన తగిలింది, తర్వాత మనిషి కనిపించారు. చెయ్యి పట్టుకుని లేపారు.

"అరవమాకమ్మా, ఊపిరి దాచుకో. నొప్పొస్తే నన్ను పట్టుకో, తగ్గాక నడువు. పడవ ఒడ్డుకి లాగేప్పుడూ ఇంతే, ఆగినప్పుడు ఒళ్ళు వదిలెయ్యాల."

వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిపించారు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి వేలాడాను. ఆవిడ నా నడుం రుద్దారు. మధ్యలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించారు. ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడగబోయాను. "మాటలు తర్వాత. ఓపిక పోగొట్టుకోమాక" అన్నారు.

సాయంత్రానికి పాప పుట్టింది, ఆపరేషన్ లేకుండానే. అత్తగారేరని అడిగితే మా ఆయన తెల్లబోయారు. ఆవిడ ఊరే దాటలేదు. అమ్మ తిరిగి వచ్చేసరికి నేను వరండాలో ఒక్కదాన్నే నడుస్తున్నానట, ఏదో గొణుక్కుంటూ. నొప్పుల మత్తు అని సరిపెట్టుకున్నాను. కానీ నా నైటీ ఉతకబోతూ "ఈ చేపల వాసనేంటే?" అంది అమ్మ.

ఇరవై ఒకటో రోజు బారసాలకి అత్తగారు వచ్చారు. గంజి పెట్టిన చీర, ఒంటినిండా పౌడరు. గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"రెండుసార్లు సబ్బెట్టి తానం చేశానమ్మా. పాపనెత్తుకోవచ్చా?"

సిగ్గుతో చచ్చిపోయాను. తల దించుకునే పాపని చేతుల్లో పెట్టాను. వంగి చూడలేక ఆవిడ అవస్థ పడుతుంటే ఏమైందని అడిగాను. "నీకు నొప్పులొచ్చిన్నాడు మెడ పట్టేసిందమ్మా, ఎవరో ఏలాడినట్టు. ఇంకా తగ్గలా" అన్నారు.

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడని అడగాలంటే ముందు ఫోన్ సంగతి ఎత్తాలి. అంత ధైర్యం ఇంకా రాలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అత్తగారు పౌడరు రాసుకునే వస్తారు.