భీమశంకరం గారు అడిగే ఒకే ప్రశ్న

భీమశంకరం గారికి ఎవరైనా "బాగున్నాం" అంటే నచ్చదు. మనిషి కనబడగానే ఆయన అడిగేది ఒక్కటే: "ఏం చెడింది?"

ఆయన మా కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీస్‌లో, అంటే అమెరికాలో జిల్లా వ్యవసాయ సలహా కేంద్రం లాంటి చోట, పిల్లల కార్యక్రమాలు నడుపుతారు. ప్లేనో నుంచి ఉత్తరంగా అరగంట డ్రైవ్. పెద్దవాళ్లు మట్టి పరీక్షలకీ చీడపీడల సలహాలకీ వస్తారు. పిల్లలు కోళ్లు పెంచడానికి, కుట్లు నేర్చుకోవడానికి, బ్రెడ్ చేయడానికి వస్తారు. చేసిందంతా రికార్డ్ బుక్‌లో రాయాలి. ఆ బుక్ మొదటి పేజీకి ఈయన సొంతంగా ఒక కాగితం పిన్ చేస్తారు. దాని మీద కూడా అదే ప్రశ్న. అది నింపకపోతే మిగతాది చదవరు.

ఒకసారి పెళ్లి రిసెప్షన్‌లో పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని అడిగేశారు. "ఏం చెడింది?"

కుర్రాడు కంగారుపడ్డాడు. "ఇంకా ఏం లేదండీ, పొద్దున్నే కదా అయింది."

"సరే, చెడినప్పుడు రాసి పెట్టుకో" అని అక్షింతలు వేశారు. డాక్టర్ "ఆల్ గుడ్" అంటే ఇంకోసారి చూడమన్న మనిషి మరి.

ఇక్కడి మన తెలుగు తల్లిదండ్రులకి ఆయనంటే మంట. వాళ్లకి ప్రాజెక్ట్ అంటే కాలేజీ అప్లికేషన్‌లో ఒక లైను. రేణు ఆంటీ ఓసారి కూతురి గులాబీలు పట్టుకొచ్చి, "మా ఇషిత మొక్కల్లో ఒక్క లోపం కూడా లేదు సర్" అంది.

"అయితే పెంచింది మీరన్నమాట" అన్నారాయన.

ఆ సాయంత్రం మన వాళ్ల వాట్సాప్ గ్రూప్ ఊగిపోయింది. నెగటివ్ మనిషట, పిల్లల కాన్ఫిడెన్స్ దెబ్బతింటోందట. "దెబ్బతిన్నది పిల్లలది కాదు, మీది" అని నేను రాశాను. నన్ను గ్రూప్‌లోంచి తీసేశారు. మళ్లీ చేర్చమని అడగలేదు, అడగను కూడా.

నాకు ఆయనంటే పక్షపాతమే. దాచుకోను. కాలేజీ రెండో ఏడు మానేసినప్పుడు ఇక్కడి అంకుల్స్ అందరూ "ఇప్పుడేం చేస్తావ్?" అని అడిగి, జవాబు వినకుండా సలహా ఇచ్చి వెళ్లారు. ఈయన "ఏం చెడింది?" అని అడిగి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది. అంతా విని, "శనివారం రా, కోళ్ల షెడ్డు కడగాలి" అన్నారు. మూడేళ్లయింది. కోళ్ల క్లబ్ ఇప్పుడు నాది.

ఈ ఏడు నా క్లబ్‌లో హంసిక అని పదకొండేళ్ల పిల్ల. ఇరవై నాలుగు గుడ్లు, ఇంట్లో పొదిగే మిషన్, ఇరవై ఒక్క రోజులు. రోజూ గుడ్లకి గుడ్ మార్నింగ్ చెప్పింది. ఒక్క కోడిపిల్లా రాలేదు. ఎందుకో, పిల్లల ప్రాజెక్టులు ప్రదర్శనకి పెట్టే ఫెయిర్‌కి వారం ముందు తెలిసింది. ఇండియా నుంచి వచ్చిన వాళ్ల బామ్మ అనంతలక్ష్మి గారు, కరెంటు వృథా ఎందుకని రోజూ పడుకునే ముందు ప్లగ్ పీకి, పొద్దున్నే సుప్రభాతం పెట్టే ముందు మళ్లీ గుచ్చేవారు. టీవీకి చేసే సేవే దానికీ చేశారు.

హంసిక నాకు ఒక్కడికే చెప్పింది. "బామ్మకి తెలీదు. మీరు చెప్పకండి. ఐ వోంట్ సే హర్ నేమ్. కానీ అబద్ధం కూడా నేను చెప్పలేను, అన్నా." వారం రోజులు ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు.

ఫెయిర్ రోజు భీమశంకరం గారు ప్రదర్శన షెడ్డులో బల్ల దగ్గర కూర్చున్నారు. వరసలో మొదట ఎప్పుడూ నెగ్గేవాళ్లనే నిలబెడతారు. అదీ ఆయన పిచ్చే అనుకునేవాణ్ని.

"ఏం చెడింది?"

ఇషిత తల్లి వైపు చూసింది. రేణు ఆంటీ పైకప్పు వైపు చూసింది. "ఫస్ట్ మూడు మొక్కలు చచ్చిపోయాయి అంకుల్. నీళ్లు ఎక్కువ పోశాను."

"భేష్! తర్వాత?"

సాన్వి బ్రెడ్ నాలుగుసార్లు రాయి అయింది. ఇంకొకరి కుట్టుమిషన్ గౌను చేతినీ మెడనీ కలిపి కుట్టేసింది. హంసిక వంతు వచ్చేసరికి ఏదో ఒకటి పాడు చేయని పిల్ల ఆ షెడ్డులో లేదు. అప్పుడు అర్థమైంది నాకు, గెలిచినవాళ్లు ముందెందుకో.

ఇంతలో హంసిక నాన్న ఫణికుమార్ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల నాలుగు కోడిపిల్లలు. "హండ్రెడ్ పర్సెంట్ సక్సెస్ సర్! నిన్ననే గుడ్లలోంచి వచ్చాయి."

భీమశంకరం గారు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని రెక్క విప్పి చూశారు. ఈకలు వచ్చేశాయి. "నిన్నటివా? చాలా తొందర్లో ఉన్నాయి." పిల్ల వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా."

"అవి మావి కాదు అంకుల్. నాన్న కొన్నాడు. మా ఎగ్స్ హాచ్ అవలేదు. పవర్ పోయింది."

"ఎందుకు పోయింది?"

హంసిక పెదవులు బిగించింది. ఫణికుమార్ బూట్లు చూసుకున్నాడు. వెనకనుంచి చీర చెంగు సర్దుకుంటూ అనంతలక్ష్మి గారు ముందుకొచ్చారు.

"పవర్ అంటే కరెంటేనా? అయితే ఆ ప్లగ్ రోజూ పీకింది నేనే నాయనా. ఇదా సంగతి! పిల్ల నా పేరు దాస్తోంది." చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "ఇరవై నాలుగు ప్రాణాలు."

భీమశంకరం గారు లేచి నిలబడి టోపీ తీశారు.

"నేనూ అదే పని చేశానమ్మా. మా ఆఫీస్‌లో ఫోన్ చార్జింగ్ పెట్టుకోవాలని పొదిగే మిషన్ ప్లగ్ పీకేశాను. ముప్పై ఆరు గుడ్లు."

ఆవిడ ఏడుపు ఆగిపోయింది. "ముప్పై ఆరా!"

"మీరే నయం."

"ఫోన్ కోసమా? చదువుకున్నవారు, ఉద్యోగం ఇదే, ఆ మాత్రం తెలియద్దూ? నేనంటే ముసలిదాన్ని!" అని ఐదు నిమిషాలు కడిగేశారు. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. హంసిక పకపకా నవ్వింది.

ఆ ఆఫీస్‌లో ప్రతి అల్మరా సర్దేది నేనే. అక్కడ పొదిగే మిషన్ లేదు. ఎప్పుడూ లేదు. ఈ సంగతి ఎవరైనా అనంతలక్ష్మి గారి చెవిన వెయ్యాలంటే, ముందు నాతో మాట్లాడాల్సి ఉంటుంది.