రెండో నోరు

2015 ఫిబ్రవరి ఆరు, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలు. ఒమన్‌లో రుస్తాఖ్ ఊరు దాటాక, అర్బాబ్ అని మేము పిలిచే ఒక అరబ్బు యజమాని ఖర్జూరపు తోట వెనకాల కొండల దగ్గర ఇది జరిగింది. నమ్మండని నేనెవరినీ బతిమాలను. చూసింది రాస్తున్నాను, అంతే.

అప్పట్లో నేను సీబ్ అనే ఊళ్ళో ఒక డాక్టరమ్మ ఇంట్లో డ్రైవర్ని. కారు నడపడం, చెట్లకు నీళ్ళు పెట్టడం నా డ్యూటీ. గుండె ఆపరేషన్ అయిన తండ్రిని ఆవిడ చలికాలానికి తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయనను నేను సార్ అనేవాణ్ణి. వాళ్ళు అరోమానియన్లు. ఆ పేరు అంతకుముందు నేను వినలేదు, మీరూ విని ఉండరు. గ్రీసు, అల్బేనియా, మాసిడోనియా కొండల్లో గొర్రెలు కాసుకుని బతికిన జనం. ఎండాకాలం కొండ మీద, చలికాలం మైదానంలో. వాళ్ళకంటూ దేశం లేదు, భాష ఉంది. ఆ భాష మాట్లాడే ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే, సార్ ఊరూరా తిరిగి మాటలు పోగుచేసి నిఘంటువు కడుతూ వచ్చాడు. జీవితమంతా అదే పని.

నేనూ చిన్నప్పుడు గొర్రెలు కాసినవాణ్ణే. మాది జగిత్యాల దిక్కు. బడి మొహం చూడలేదు. యాభై దాటాక ఇక్కడి చర్చిలో భీమవరం నుంచి వచ్చిన నర్సు ఒకావిడ శుక్రవారాలు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. "తాతగారూ, అది సున్నా కాదండీ, గారెలా ఉంది" అని నవ్వేది. ఆ గారెలతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. సార్‌తో నా మాటలు సగం ఇంగ్లీషు, సగం చేతులు. ఇక్కడ అన్నీ తెలుగులోనే పెడుతున్నాను.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఆస్పత్రికి పోయింది. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. కిటికీ కింద మొక్కలకు నీళ్ళు పెడుతుంటే లోపలి నుంచి ఒక ముసలమ్మ గొంతు వినపడింది. పిలుస్తోంది. పిలిచి ఆగింది. చాలాసేపు ఆగి మళ్ళీ పిలిచింది. అది మనుషులను పిలిచే పిలుపు కాదు. మందను పిలిచే పిలుపు. భాష తెలియకపోయినా ఆ ఆగడంలోనే కాపరికి తెలిసిపోతుంది. గిట్టల చప్పుడు కోసం చెవి పెట్టి ఆగే ఆగడం అది.

లోపలికి వెళ్తే సార్ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద పాత క్యాసెట్ ప్లేయర్ తిరుగుతోంది. పిలుపు ఆగిన చోటల్లా ఆయన తల పక్కకు వంచి వింటున్నాడు. నాకు ఏమీ వినపడలేదు. చివరి పిలుపు సగంలో ముసలమ్మకు దగ్గు వచ్చింది. టేపు అయిపోయింది.

"మా అమ్మ" అన్నాడు. "పోయి చాలా కాలమైంది."

సార్‌కు ఒక కట్టుబాటు ఉండేది. ఏ మాటనైనా రెండు వేర్వేరు నోళ్ళ నుంచి వింటేనే పుస్తకంలో ఎక్కిస్తాడు. ఒక్క నోటి మాట ఆ మనిషి సొంతంగా కల్పించుకున్నది కావచ్చు అంటాడు. అలా ఎందరు ముసలమ్మల మాటలో పక్కన పెట్టేశాడు. ఒకావిడ ఆయన ముందే ఏడ్చిందట, నేను పోతే ఈ మాట ఇంక ఎవరి నోట్లో ఉంటుందని. ఇప్పుడు సొంత తల్లి పిలుపు దగ్గర తానే ఇరుక్కున్నాడు. ఆ పిలుపు ఎరిగినవాళ్ళు ఇంకెవరూ బతికి లేరు. ప్రెస్సువాళ్ళు తొందర పెడుతున్నారు. రాస్తే ఆ ఏడ్చినావిడకు అన్యాయం. రాయకపోతే తల్లి పిలుపు ఆయనతోనే ఆఖరు.

"మీరు విన్నారు కదా సార్. మీదే రెండో నోరు" అన్నాను.

"రాసేవాడు సాక్షి కాకూడదు."

డాక్టరమ్మ ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన మీద విసుక్కుంది. నాకు అర్థం కావాలనే ఇంగ్లీషులో అంది. "రాసెయ్ నాన్నా. ఎవరడుగుతారు?"

"ఆ ఏడ్చినావిడ అడుగుతుంది."

"ఆవిడ ఎప్పుడో చచ్చిపోయింది."

"అందుకే అడుగుతుంది" అన్నాడాయన, రొట్టె తుంచుకుంటూ.

ఆ తర్వాత సార్‌కు ఒకటే పట్టు. మనుషులు లేకపోతే గొర్రెలను అడుగుదాం అని. రావని మొహం మీదే చెప్పాను. గొర్రెకు తన కాపరి గొంతు ఒక్కటే తెలుసు, ఒమన్ గొర్రెలకు మీ అమ్మ ఏమవుతుంది అని కూడా అన్నాను. ఆ సంగతి తనకూ తెలుసన్నాడు. అయినా వెళ్దామన్నాడు. రుస్తాఖ్ దగ్గర మా దిక్కు మనిషి ఒకడు అర్బాబ్ మంద కాస్తున్నాడు, అక్కడికి తీసుకుపోయాను. తండ్రి గుండె మీద భయంతో డాక్టరమ్మ కూడా వచ్చింది.

మందలో గొర్రెలూ మేకలూ కలిసి ఉన్నాయి. ముందు సార్ తానే నోటి పక్కన చెయ్యి పెట్టుకుని పిలిచాడు. ఒక్కటీ తల ఎత్తలేదు.

మా కాపరి పగలబడి నవ్వాడు. "ఏంది కాకా, ఈ తాతకు గొర్లు గుడ్ ఈవినింగ్ చెప్పాల్నా?"

"మూస్కోరా. పెద్దమనిషి."

"పెద్దమనిషే గని గొంతు కోడిపిల్ల లెక్కుంది. నేను పోయి నీళ్ళు తెస్త. మీరు కచేరీ జేసుకోన్రి." పికప్ ఎక్కి వాదీ అవతలికి, కొండ మలుపు వెనక్కి వెళ్ళిపోయాడు. వాదీ అంటే వానలు పడితే తప్ప నీళ్ళు పారని రాళ్ళ వాగు.

వాడు పోయాకే సార్ టేపు పెట్టాడు. మొదటి పిలుపు. ఆగడం. రెండో పిలుపు. ఆగడం. దగ్గు. మంద మేస్తూనే ఉంది. సార్ ప్లేయర్‌ను సంచిలో పెట్టి, సంచిని కారులో పెట్టి, తలుపు మూశాడు. డాక్టరమ్మ ఫ్లాస్కులో టీ పోసింది. సగం టీ తాగి ఉంటాం.

మంద నమలడం ఆగింది. ఒకటో రెండో కాదు, మందంతా. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో గొర్రెలు కాయనివాళ్ళకు చెప్పలేను. అన్నీ ఒక్కసారే వాదీ వైపు తలలెత్తాయి. అటు ఎవరూ లేరు, ఎండలో తెల్లగా రాళ్ళున్నాయి. ఏ గొంతూ వినపడలేదు. కానీ అవి నడిచాయి. బెదిరి పరుగెత్తడం కాదు, సాయంత్రం ఇంటికి నడిచినట్టు నడిచాయి. పోయి రెండు బండల మధ్య గుండ్రంగా నిలబడ్డాయి, తలలు లోపలికి పెట్టి. నడుమ ఒక మనిషి పట్టేంత చోటు వదిలాయి. ఒక ముసలి మేక మెడ చాచి గాలిని నాకింది. ఉప్పు పెట్టే అరచేతిని ఎలా నాకుతాయో అలా నాకింది.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. జీతమిచ్చే మనిషి, అంతకుముందు ఎన్నడూ అలా పట్టుకోలేదు.

పికప్ దుమ్ము లేపుకుంటూ తిరిగి వచ్చింది. మా వాడు దిగీ దిగకముందే అరిచాడు. "ఎవలు కాకా ఆ ముసల్ది? గంత ఒర్రుతుంటే పలుకరేంది? నేను బండి ఆపి ఇన్న."

"ఏ ముసల్ది రా? టేపా?"

"టేపేంది? మనిషి! గా బండల కాడ. పండ్లు లేవు దానికి, నోట్లకెల్లి గాలి పోతాంది." అని ఆ పిలుపు పిలిచి చూపించాడు.

మొదలు నుంచి పిలిచాడు. దగ్గు వచ్చే చోట వాడికి దగ్గు రాలేదు. ఆపైన టేపులో లేని ముక్క ఒకటి ఉంది, కిందికి దిగిపోయే పొడవాటి ముక్క, చివర పళ్ళులేని నోటి గాలి. సార్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. డాక్టరమ్మ నాడి పట్టుకుంది. ఆయన చెయ్యి విడిపించుకున్నాడు.

"మళ్ళీ పిలవమను" అన్నాడు. వాడు పిలిచాడు.

సార్ కళ్ళు మూసుకుని విన్నాడు. "అంతే. అలాగే ఆఖరవుతుంది. అది నేను మరిచిపోయాను."

తిరుగు దారిలో వాళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. డాక్టరమ్మే ముందు అంది. "నాన్నా, దొరికింది కదా. రెండో నోరు. రేపే రాసి పంపించు."

"ఎక్కడ దొరికింది?"

"అతను విన్నాడు. టేపు కూడా వినని మనిషి. నీ టేపులో లేని ముక్క కూడా చెప్పాడు."

"అతను ఎవరి దగ్గర విన్నాడు?"

అద్దంలో సార్ మొహం కనపడింది. ఏడుపు లేదు, ఎప్పుడూ లేనంత నిమ్మళంగా ఉన్నాడు.

"ఒకే మనిషి రెండుసార్లు చెబితే ఇద్దరు సాక్షులు కారు" అన్నాడు. "అది అమ్మ నోరే."

ఆ ఏడాదే పుస్తకం అచ్చయింది. డాక్టరమ్మ తెప్పించి నాకు చూపించింది. ఆ పిలుపు అందులో లేదు. నేనూ ఇక్కడ రాయను. ఆయనే రాయనిది రాయడానికి నేనెవరిని?

మా కాపరి తర్వాత ఒకసారి ఫోన్ చేసి మొత్తుకున్నాడు. "కాకా, నా కూతకు వస్తలేవు. ముసల్దాని కూత కూస్తేనే వస్తున్నయ్. అర్బాబ్ చూసి పాగల్ అంటుండు." ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ తండ్రికి చెప్పిందో లేదో నేను అడగలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం: సార్, ఆయన కూతురు డాక్టరమ్మ, మా దిక్కు కాపరి, అర్బాబ్ మంద, నేను. సార్ లెక్కలో ఇంకొకరు ఉన్నారు, ఆయన తల్లి. ఆ లెక్క తప్పని అనడానికి ఆ మేకను చూసిన నాకు నోరు రావడం లేదు.