తొమ్మిది బ్లాక్ పాయింట్లతో పెళ్లికి

కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన ఆ రోజుల్లో, రోడ్డు మీద నేను కనిపిస్తే చాలు, లోకమంతా పక్కకు తప్పుకుంటుందని అనుకునేదాన్ని. బోగోలులో మా ఇంట్లో అలా అనుకోని మనిషి చిన్నాన్న ఒక్కడే. ఆయన గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కారు నడిపి వచ్చాడు. అక్కడ తప్పు చేసిన డ్రైవరుకు బ్లాక్ పాయింట్లు వేస్తారట, అవి నిండితే లైసెన్సు లాగేసుకుంటారట. ఇక్కడ అలాంటిది లేదు కాబట్టి, మా ఇంట్లో ఆ లోటు తీర్చే భారం ఆయన నెత్తిన వేసుకున్నాడు. "ఏడాది దాకా నువ్వు పచ్చి డ్రైవరువే మే. నలభై దాటకూడదు. హైవే ఎక్కకూడదు. నేను పక్కన లేకుండా తాళం ముట్టుకోకూడదు. పది పాయింట్లు పడినాయంటే ఇంక బస్సులోనే తిరగాల" అన్నాడు. (కారు ఆయనదే కాబట్టి వాదించడానికి ఏమీ లేదు.) హారన్ ఎక్కువ కొడితే పాయింటు, కొట్టకపోతే పాయింటు. ఎదురొచ్చిన బర్రెను చూసి "అయ్యో" అన్నందుకు కూడా ఒకటి పడింది. అన్న పెళ్లి నాటికి నా ఖాతాలో తొమ్మిదున్నాయి.

పెళ్లి కావలి చర్చిలో. పెళ్లికొడుకు కారు నడపాల్సింది చిన్నాన్నే. ఆ పొద్దున కారు కడిగి, పూలు కట్టి, దూరం నుంచి ఎలా ఉందో చూద్దామని వెనక్కి వెనక్కి నడిచి, సబ్బు నీళ్లలో జారి పడ్డాడు. చీలమండ పూరీలా ఉబ్బింది. అప్పటికే మిగతావాళ్లంతా వ్యానెక్కి వెళ్లిపోయారు. సూటులో అన్న (వాడికి సైకిలే సరిగ్గా రాదు), పట్టుచీరలో నేను, కాలికి తడిగుడ్డతో చిన్నాన్న ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "ఎక్కు మే" అన్నాడాయన, తీర్పు చదివినట్టు.

హైవే నిషేధం కాబట్టి పొలాల దారి పట్టాం. సగం దూరం పోయేసరికి రోడ్డంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బ్రేకు తొక్కాను. చిన్నాన్న వాచీ చూసుకుని, "ఆపినావేంది? ఎక్కించెయ్!" అన్నాడు.

"వడ్ల మీద టైర్లు జారతాయని నువ్వే చెప్పినావు గదా. పాయింటు పడతాది."

"పాయింటు వేసేది నేనే గదా మే! ఎయ్యన్లే, పో!"

ఆ మాట మీద నాకు నమ్మకం కలగలేదు. ఇంజను ఆపేశాను. "నా పెళ్లి మే!" అని వెనక సీట్లోంచి అన్న మొత్తుకున్నాడు. చివరికి వాడే దిగి, కాపలా ఉన్న అవ్వ దగ్గర చెక్కపార తీసుకుని, సూటుతోనే వడ్లు పక్కకు లాగడం మొదలుపెట్టాడు. నేను కుచ్చిళ్లు ఎగదోపి చీపురందుకున్నాను. చిన్నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి ఎటు ఊడ్చాలో ఆజ్ఞలిచ్చాడు. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "పెళ్లికి ముందే ఇంత పని చేస్తాండావు నాయనా! ఆ పిల్ల అదృష్టం ఏం చెప్పేది!"

దారి దొరికాక చిన్నాన్న, "ఇప్పుడన్నా తొక్కు! అరవై! డెబ్బై!" అని అరుస్తూనే ఉన్నాడు. ముల్లు నలభై దాటలేదు. ఆయన నియమాలు ఆయనకంటే నాకే బాగా ఒంటబట్టాయి.

మేం చేరేసరికి పాటల బృందం గొంతులు బొంగురుపోయాయి. పాస్టరుగారు అన్న జుట్టులోని దుమ్ము చూసి, "ఏమైంది నాయనా?" అన్నారు. అన్న నోరు తెరవకముందే చిన్నాన్న కుంటుకుంటూ ముందుకొచ్చి, "మా అమ్మాయి నడిపినాదయ్యగారూ! బండికి ఒక్క గీత పడలేదు" అన్నాడు. అంత గర్వం ఆ గొంతులో నేనెప్పుడూ వినలేదు. పెళ్లికూతురు అన్న కాలరులోంచి వడ్లగింజలు ఏరుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. తిరుగు ప్రయాణంలో చిన్నాన్న నా తొమ్మిది పాయింట్లూ కొట్టేశాడు. "ఇంటికైనా కొంచెం బిన్నా పోదాం మే, ఇంకాస్త తొక్కు" అని బతిమాలాడు కూడా.

ఇప్పుడు నేను రోజూ హైవే మీద నెల్లూరుకు వెళ్లొస్తాను. ఏవేవో ఆలోచనలు చేసుకుంటూ, ఎప్పుడు గేరు మార్చానో కూడా తెలియకుండా. చెప్పులు విప్పేసి, స్టీరింగును రెండు చేతులా కరుచుకుని, కొంగుతో చెమట తుడుచుకుంటూ ఆ రోజు ఆ కారు నడిపిన పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆ పిల్ల కారులో ఒక్కసారి వెనక సీట్లో కూర్చుని, ఎంత ఆలస్యమైనా ఏమీ అనకుండా, పొలాలు చూసుకుంటూ పోవాలనిపిస్తుంది.