పెద్దమ్మ పూడ్చిన కుండలు

ఆ రోజుల్లో నీళ్లంటే నాకు పైపులోంచి వచ్చేవి, అంతే. నంద్యాలలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కొత్తగా కుదిరి, ఆదివారమైతే ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ ఇంటికి పోయేవాణ్ణి (ఆమె మీద ప్రేమ కొంత, ఆమె వండే కోడికూర మీద ఇంకొంత). పెద్దమ్మ బళ్లో టీచరు. ఇంటిముందు నాలుగు చాపలు పరిచినంత పచ్చగడ్డి, చుట్టూ మల్లె, గులాబీ, నిమ్మ. వీధి మొత్తానికి లాన్ అదొక్కటే. మిట్టమధ్యాహ్నం నేను పైపు పట్టుకుని, గాల్లోకి చిమ్మి హరివిల్లు చూసుకుంటుంటే లోపల్నుంచి కేక వినపడేది. "నాయనా, గడ్డికి పోస్తాండావా, సూర్యునికి పోస్తాండావా?"

ఆ ఎండాకాలం బోరు అడుగంటింది. వీధిలో అందరూ మొక్కల మీద ఆశ వదులుకున్నారు గానీ పెద్దమ్మ వదల్లేదు. గడ్డి కత్తిరించడం మాన్పించింది. "పెరగనీ. దాని నీడ దానికే పడితే తడి నిలుస్తాది" అంది. నన్నేమో నంద్యాల నుంచి రంగు వేయని మట్టికుండలు తెమ్మంది. వాటిని గోనెసంచిలో కట్టుకుని బస్సెక్కితే కండక్టర్ టికెట్టు కొట్టబోయి ఆగాడు.

"ఎవురు పోయినారప్పా?"

"ఎవురూ పోలేదన్నా. మొక్కలకు."

"మొక్కలు పోయినాయా?"

నా పక్క సీటు ఆళ్లగడ్డ దాకా ఖాళీగానే ఉండిపోయింది.

పొద్దు వాలాక ఒక్కో మొక్క పక్కన గుంత తీసి, కుండను మెడ దాకా పూడ్చి, నీళ్లు నింపి, మూతికి బేతంచెర్ల బండముక్క కప్పాం. కుండ చెమర్చినంతే నీళ్లు, వేరుకు కావలసినంతే తడి. అప్పట్నుంచి వచ్చిన ప్రతిసారీ బండ తీసి, ఫోన్ లైటు వేసి, లోపలికి తొంగిచూసి నీళ్లు నింపడం నా ఉద్యోగం. ఎదురింటి రేడియో మామ (ఆయన విన్నది ఊరు వినకుండా ఉండదు) మిద్దె మీద నుంచి దీన్ని వీడియో తీసి, వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. టీచరమ్మకు లంకెబిందెలు దొరికాయని ఊరంతా పాకింది. ఆ నడి ఎండాకాలంలో ఒక ఆదివారం నేను పోయేసరికి గేటు ముందు జనం, చేతిలో పారతో రేడియో మామ.

"టీచరమ్మా, నిధి దొరికితే సర్కారుకు చెప్పాల. పోలీసోళ్లను పిల్చేదా?"

ఆ ఎండలో పార వేస్తే మల్లె బతకదు. పెద్దమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "పోలీసోళ్లు యాలప్పా, నువ్వే తీయ్. పార ఆడ పెట్టి చేత్తో తీయ్. ఒక్క వేరు తెంపినావంటే మాత్రం మర్యాద ఉండదు."

మామ మల్లె పక్కన మోకాళ్ల మీద కూచున్నాడు. పైన మట్టి రాయిలా ఉంది. దాని కింద నల్లగా, మెత్తగా, తడిగా ఉంది. ఇంకాస్త తీసేసరికి కుండ కడుపు కనబడాలి కదా, కనబడలేదు. కుండ చుట్టూ సన్నటి తెల్లటి వేళ్లు, భూమిలోపల ఎవరో కూర్చుని తీరిగ్గా ఉట్టి అల్లినట్టు. ఒక్క వేరూ వేరే వైపు పోలేదు. బంగారం కోసం వచ్చిన జనం ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూశారు. వెనకెవరో చెప్పులు విడిచారు. మామ అరచేయి లుంగీకి తుడుచుకుని, మెల్లిగా ఆ వేళ్లకు ఆనించాడు.

"సల్లగుండాది టీచరమ్మా. దీనికి దావ ఎవురు చెప్పినారు?"

"నాకూ తెల్దప్పా. నేనూ ఇదే మొదులు చూడ్డం" అంది పెద్దమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. తీసిన మట్టిని మామే మళ్లీ గుప్పెడు గుప్పెడుగా సర్దాడు, పసిబిడ్డకు దుప్పటి కప్పినంత నెమ్మదిగా.

ఆ సాయంత్రం నంద్యాల బస్సులో ఫోన్ బయటికి తీయలేదు. కిటికీ పక్కన కూర్చుని, ఎండిన చేలనూ దుమ్ముపట్టిన వేపచెట్లనూ చూస్తూ, వాటి కింద చీకట్లో ఇప్పుడేం జరుగుతోందో అనుకుంటూ పోయాను. ఆ ఆలోచనలో దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఎర్రటి సందెవెలుగులో నవ్వుకుంటూ వెనక్కి నడిచాను. ఇప్పుడు నాకు సొంత ఇల్లుంది, మొక్కలకు డ్రిప్పు పైపులున్నాయి, తల నెరిసి పద్ధతిగల మనిషినయ్యాను. ఏ స్టాపూ దాటిపోదు. అదే అప్పుడప్పుడూ కొంచెం వెలితిగా ఉంటుంది.